అడగని వాటిని ఎవరు చూసుకోవాలి?

అడగందే అమ్మైనా పెట్టదంటారు. మనిషి తన టైమును, డబ్బును, ఓపికను దేనికి ఎంత ఇస్తున్నాడో లెక్క తీస్తే ఈ సామెత బతుకు మొత్తానికీ సరిపోతుంది. ఈఎంఐ ఐదో తారీఖున అడుగుతుంది. ఆఫీసు పగలంతా అడిగి, రాత్రి పదింటికి వాట్సాప్‌లో మళ్లీ అడుగుతుంది. స్కూలు ఫీజు టర్ముకోసారి అడుగుతుంది. అప్పిచ్చినవాడు గుమ్మంలోకి వచ్చే అడుగుతాడు. బీపీ మాత్రం అడగదు. షుగర్ మొదటి కొన్నేళ్లు నోరు మెదపదు. తొడల్లో కండ తగ్గిపోతున్నా నొప్పి తెలియదు. ఒకప్పుడు రోజూ కలిసిన స్నేహితుడితో మాట్లాడి రెండేళ్లయినా ఎవరూ నోటీసు పంపరు.

ఆరోగ్యం, కుటుంబం, పని, డబ్బు, మనశ్శాంతి. హాయిగా, సంతృప్తిగా బతకడానికి ఏం కావాలని ఎవరిని అడిగినా దాదాపు ఇవే చెబుతారు. ఇందులో తెలియని సంగతి ఏదీ లేదు. తెలిసి కూడా ఎందుకు పట్టించుకోరన్నదే అసలు ప్రశ్న. బద్ధకమనో, క్రమశిక్షణ లేదనో తేల్చేయడం తేలిక. కానీ వాకింగ్‌కు వెళ్లలేకపోతున్న ఆ మనిషే ఇరవై ఏళ్లపాటు ఒక్క కిస్తీ తప్పకుండా ఇంటి లోను కడతాడు. క్రమశిక్షణకు లోటేమీ లేదు. అదంతా గట్టిగా అడిగేవాళ్లకే ఖర్చయిపోతోంది.

లైఫ్ కోచ్‌లు క్లాసుల్లో ఒక చక్రం బొమ్మ గీయిస్తారు. చక్రాన్ని ఎనిమిది ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు ఆరోగ్యం, డబ్బు, కెరీర్, బంధాలు అని పేర్లు పెట్టి, పదికి ఎన్ని మార్కులో ఎవరికి వారే వేసుకోమంటారు. బొమ్మ బాగానే ఉంటుంది. చిక్కల్లా మార్కులు వేసే పద్ధతిలో ఉంది. ఒంట్లో ఎలా అనిపిస్తోందో చూసుకుని మార్కులు వేస్తే, అడిగే వాటికి తక్కువ పడతాయి, అడగని వాటికి ఎక్కువ పడతాయి. ఆఫీసు టెన్షన్ ఎక్కువగా ఉంది కాబట్టి కెరీర్‌కు నాలుగు. ఒంట్లో ఏ బాధా లేదు కాబట్టి ఆరోగ్యానికి ఎనిమిది. ఆ ఎనిమిది వేసుకున్నవాడి బీపీ ఆ రోజు 160/100 ఉండొచ్చు.

ఒంటి మాట

భారత వైద్య పరిశోధన మండలి చేయించిన ఇండియాబ్ సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. 2008 నుంచి 2020 దాకా దేశమంతటా లక్షా పదమూడు వేల మందిని పరీక్షించి వేసిన అంచనా అది. దేశంలో షుగర్ ఉన్నవాళ్లు సుమారు 10.1 కోట్లు, షుగర్ అంచున ఉన్నవాళ్లు 13.6 కోట్లు, బీపీ ఉన్నవాళ్లు 31.5 కోట్లు అని తేలింది. వీళ్లలో అంచున ఉన్న 13.6 కోట్ల మంది సంగతి ముఖ్యం. వాళ్లలో చాలామందికి ఏ ఇబ్బందీ తెలియదు. తిండి, నడక, బరువు సరిచేసుకుంటే షుగర్ రాకుండా ఆపడానికో, వెనక్కి నెట్టడానికో వీలున్న దశ కూడా అదే. వెనక్కి మళ్లించగలిగినప్పుడు అది అడగదు, అడిగే వేళకు మాత్రలు మొదలవుతాయి.

సన్నగా ఉన్నాం కదా, మనకేం వస్తుందిలే అనుకునేవాళ్లు మనలో ఎక్కువ. వైద్య పత్రిక లాన్సెట్‌లో 2004లో వచ్చిన ఒక ఫొటో ఈ ధీమాను పోగొడుతుంది. అందులో ఇద్దరు డాక్టర్లు పక్కపక్కన నిలబడి ఉంటారు. ఒకరు లండన్‌లో పనిచేసే జాన్ యుడ్కిన్, ఇంకొకరు పుణెకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్. ఎత్తుకు తగ్గ బరువు చెప్పే బీఎంఐ ఇద్దరికీ ఒకటే, 22.3. చూడటానికి ఇద్దరూ సన్నగానే ఉన్నారు. యంత్రంతో కొలిస్తే యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. బరువు ఒకటే అయినా మనవాళ్ల ఒంట్లో కండ తక్కువగా, కొవ్వు ఎక్కువగా, అందులోనూ పొట్ట చుట్టూ ఉండటం మామూలు. అందుకే మన దేశంలో బీఎంఐ 23 దాటితేనే అధిక బరువు కింద లెక్క. బరువు చూసే మిషను కంటే టైలర్ టేపు ఎక్కువ నిజం చెబుతుంది. బొడ్డు దగ్గర చుట్టుకొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటిందంటే బరువు ఎంతున్నా జాగ్రత్తపడాల్సిందే.

బీపీ చూపించుకున్నాం అనేవాళ్లలో కూడా చాలామంది చూపించుకున్న తీరు సరిగా ఉండదు. మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చి, కుర్చీలో కూర్చుంటూనే చెయ్యి చాపి, పట్టీ బిగుస్తుండగా పక్కవాళ్లతో మాట్లాడుతుంటారు. అంకె ఎక్కువ వస్తే "ఇప్పుడే వచ్చాను కదా, అందుకే" అంటారు. తక్కువ వస్తే ఇక మూడేళ్లదాకా ఆ ఊసెత్తరు. సరైన పద్ధతి పెద్ద కష్టమేమీ కాదు. అరగంట ముందు నుంచి టీ, కాఫీ, సిగరెట్ మానాలి. ఐదు నిమిషాలు మాట్లాడకుండా వీపు ఆనించి కూర్చోవాలి. పాదాలు నేల మీద ఉండాలి, కాలు మీద కాలు వేసుకోకూడదు. చెయ్యి బల్ల మీద పెట్టి, పట్టీ గుండె ఎత్తులో ఉండేలా చూసుకుని, నిమిషం తేడాతో రెండుసార్లు కొలవాలి. ఇంట్లో ఇలా కొన్ని రోజులు చూసినప్పుడు సగటు 135/85 దాటుతుంటే డాక్టర్‌ను కలవాలి. ఈ పరీక్షకు పట్టే పది నిమిషాలను ఎవరూ అడగరు కాబట్టే చాలా ఇళ్లలో ఎన్నేళ్లయినా అవి దొరకవు.

కంచం, దాని వెనకున్న పదిహేనేళ్లు

మన భోజనంలో అన్నం మూడు విడతలుగా వస్తుంది: పప్పన్నం, చారన్నమో పులుసన్నమో, చివర పెరుగన్నం. మూడింట్లోనూ సింహభాగం అన్నానిదే. కూర నంజుకోవడానికి పక్కన ఉంటుంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో 2,000 కేలరీల రోజుకు ఒక నమూనా ఉంది. ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు, మాంసాహారం కలిపి 85, కూరగాయలు, ఆకుకూరలు 400, పండ్లు 100, గింజలు 35, నూనె 27 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు. ఇవన్నీ వండక ముందు లెక్కలు. ఆ 250 గ్రాముల్లోనే పొద్దుటి ఇడ్లీ పిండిలోని బియ్యం, మధ్యాహ్నం అన్నం, రాత్రి చపాతీ అన్నీ రావాలి. దీన్ని మన కంచంతో పోల్చి చూస్తే అన్నం దాదాపు సగానికి తగ్గాలి, కూర మూడు నాలుగింతలు పెరగాలి. అన్నం మానేయమనో, మిల్లెట్లు తినమనో యూట్యూబ్‌లో ఎంతమంది చెప్పినా, కూర పరిమాణం పెంచడమంత పని ఇంకేదీ చేయదు. కానీ అన్నం కుక్కర్లో పెడితే దానంతటదే ఉడుకుతుంది. 400 గ్రాముల కూర కొనాలి, కడగాలి, తరగాలి, మాడిపోకుండా చూసుకోవాలి. ఆ పని ఎవరి నెత్తిన పడుతుందో తర్వాత చూద్దాం.

తిండి ప్రభావం కనిపించడానికి ఎంత కాలం పడుతుందో చెప్పే అధ్యయనం మన ప్రాంతంలోనే జరిగింది. 1987 నుంచి 1990 దాకా హైదరాబాద్ నగరానికి దగ్గర్లోని 29 గ్రామాల్లో ఒక పని చేశారు. అంగన్‌వాడీ పథకం మొదలైన ఊళ్లలో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు మొక్కజొన్న, సోయా పిండితో ఉప్మా చేసి పెట్టారు. పథకం ఇంకా అందని పక్క ఊళ్లలో అది లేదు. పిల్లలకు రోజూ అదనంగా అందింది 300 కేలరీలు, పది గ్రాములలోపు మాంసకృత్తులు, అంతే. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ల వయసుకు వచ్చాక పోషకాహార సంస్థ, లండన్ పరిశోధకులు కలిసి వాళ్లను మళ్లీ వెతికి పరీక్షించారు. 2008లో ఫలితాలు వచ్చాయి. ఉప్మా తిన్న ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవున్నారు. ఇన్సులిన్ వాళ్ల ఒంట్లో మెరుగ్గా పనిచేస్తోంది, రక్తనాళాల బిగుసుతనం తక్కువగా ఉంది. అంటే పెద్దయ్యాక షుగర్, గుండెజబ్బుల వైపు తీసుకెళ్లే లక్షణాలు వాళ్లలో తక్కువ. తల్లి కడుపులో ఉన్నప్పుడు మొదలైన ఒక పూట ఉప్మా పదిహేనేళ్ల తర్వాత రక్తనాళాల్లో కనిపించింది. మధ్యలో ఆ తల్లులకు గానీ, పిల్లలకు గానీ తేడా తెలిసే అవకాశమే లేదు.

నిద్ర విషయం ఇంకా విచిత్రం. గురక పెట్టేవాణ్ని చూసి "హాయిగా పడుకున్నాడు" అనుకునే ఇళ్లు కొల్లలు. గట్టి గురక, మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఒక్కసారి ఉలిక్కిపడటం, పగలు కునికిపాట్లు ఉన్నాయంటే నిద్రలో శ్వాస ఆగే జబ్బు ఉందేమో చూపించుకోవాలి. బీపీ పెరగడానికి అదొక కారణం. అడగని వాటిలో ఇదొక్కటే ఇల్లంతా వినబడేలా అరుస్తుంది, పడుకున్నవాడికి తప్ప. ఇక టైము చాలక నిద్ర తగ్గించుకునేవాళ్ల సంగతి. షికాగోలో పరిశోధకులు 11 మంది ఆరోగ్యవంతులైన కుర్రాళ్లను ఆరు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చి, రక్తంలో చక్కెర ఎంత త్వరగా తగ్గుతోందో చూశారు. 1999లో ఫలితాలు అచ్చయ్యాయి. నిద్ర బాకీ తీర్చుకున్నప్పటి కంటే ఆ వేగం 40 శాతం తగ్గింది. వారం తిరక్కుండానే కుర్రాళ్ల ఒళ్లు చక్కెర విషయంలో పెద్దవయసు వాళ్ల తీరుకు వచ్చేసింది. నైట్ షిఫ్ట్ చేసి వచ్చి, పిల్లల్ని స్కూలుకు పంపి, నాలుగు గంటలు కునుకు తీసేవాళ్లకు తిండి జాగ్రత్తల గురించి మాత్రమే చెప్పి పంపించేయడం సగం వైద్యమే.

డబ్బు, పని

డబ్బు ఎప్పుడూ అడుగుతూనే ఉంటుంది కాబట్టి దీనికి శ్రద్ధ తక్కువేమీ కాదనిపిస్తుంది. నిజానికి అడిగేది అప్పు. పొదుపు అడగదు, ఇన్సూరెన్స్ అడగదు. 2019లో ప్రభుత్వం చేసిన సర్వేలో ఆంధ్రప్రదేశ్ రైతు కుటుంబాల్లో 93.2 శాతానికి, తెలంగాణలో 91.7 శాతానికి అప్పులున్నాయని తేలింది. దేశం మొత్తం మీద అది 50.2 శాతమే. ఊళ్లలో చేబదులుకు వడ్డీ నూటికి రెండు రూపాయలు, మూడు రూపాయలు అని చాలా మామూలుగా చెప్పేస్తారు. నెలకు మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. ఏటా అంత లాభం ఇచ్చే పంట గానీ, చిన్న వ్యాపారం గానీ అరుదు.

ఈ అప్పుల్లో కొన్ని ఆస్పత్రి దగ్గర మొదలవుతాయి. 2021-22లో దేశంలో వైద్యానికైన మొత్తం ఖర్చులో 39.4 శాతం జనం నేరుగా జేబులోంచి పెట్టుకున్నదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పెద్ద ఆపరేషన్ల భారాన్ని చాలా కుటుంబాల మీద నుంచి తగ్గించింది. నెలనెలా కొనే మాత్రలు, పరీక్షలు, ఆస్పత్రికి పోయిరావడానికి ఆటో, పోయిన రోజు కూలి మాత్రం ఇంటి మీదే పడతాయి. వయసులో ఉన్నప్పుడు బీపీ చూపించుకోకపోవడం ఆరోగ్యం ఖాతాలో తప్పులా కనిపిస్తుంది. అది పక్షవాతంగా మారిన నాడు పొలం అమ్మకమవుతుంది, కూతురి చదువు ఆగుతుంది, కొడుకు సిటీలో పని మానుకుని ఊరొస్తాడు. చక్రం బొమ్మలో ఎనిమిది ముక్కల మధ్య గీతలుంటాయి. ఇంట్లో ఉండవు.

పని గురించి ఒక అపోహ ఉంది. టెన్షన్ అంతా పెద్ద కుర్చీల్లో ఉన్నవాళ్లకే అనుకుంటారు. లండన్‌లో ప్రభుత్వోద్యోగం చేసే 17 వేల మందికి పైగా మగవాళ్ల మీద 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనం దీన్ని తిరగేసింది. అట్టడుగు గ్రేడులో పనిచేసే మెసెంజర్లు, కాపలాదార్లు గుండెజబ్బుతో చనిపోయే రేటు అగ్రస్థాయి అధికారుల కంటే మూడు రెట్లు ఎక్కువ. పొగతాగడం, బీపీ, కొలెస్ట్రాల్ లాంటివి లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా పూర్తిగా చెరిగిపోలేదు. తర్వాత జరిగిన వైట్‌హాల్ రెండో అధ్యయనంలో చేసే పని మీద తన చెయ్యి ఎంత ఉందన్నది ముఖ్యమని తేలింది. ఏ పని ముందు చేయాలి, ఎప్పుడు లేచి నీళ్లు తాగాలి అన్నది కూడా వేరొకరు తేల్చే ఉద్యోగం గుండెను అరగదీస్తుంది. ఫోన్‌లో టైమర్ పరిగెడుతుంటే బండి మీద పార్శిల్ తీసుకెళ్లే కుర్రాడికి, బాత్రూంకు పోవడానికి సూపర్‌వైజర్ వైపు చూడాల్సిన షోరూం అమ్మాయికి ధ్యానం చేసుకోమని సలహా ఇవ్వడంలో కొంత క్రూరత్వం ఉంది.

"అంతా బాగానే ఉంది"

బంధాల విషయంలో ఎక్కువగా చెప్పుకునేది హార్వర్డ్ అధ్యయనం. 1938లో మొదలై, 268 మంది హార్వర్డ్ విద్యార్థులను, తర్వాత బోస్టన్ పేదవాడల్లో పెరిగిన 456 మంది కుర్రాళ్లను జీవితమంతా వెంబడించింది. 80 ఏళ్ల వయసులో ఎవరు ఆరోగ్యంగా ఉన్నారో చూసి, 50 ఏళ్లప్పటి వివరాలు తిరగేస్తే, కొలెస్ట్రాల్ అంకె కంటే బంధాల్లో ఎంత తృప్తిగా ఉన్నారన్నది బాగా ముందే చెప్పగలిగిందని ఆ అధ్యయనాన్ని నడిపిన రాబర్ట్ వాల్డింగర్ చెబుతారు. ఇందులో మొదట తీసుకున్నవాళ్లంతా తెల్లజాతి మగవాళ్లే, ఒకే ప్రాంతం వాళ్లే. అందువల్ల దీన్ని మన ఉమ్మడి కుటుంబాలకు, అత్తాకోడళ్లకు ఉన్నదున్నట్టు అతికించేయడం కుదరదు. అయితే 2010లో 148 అధ్యయనాలను, మూడు లక్షలకు పైగా మనుషుల వివరాలను కలిపి చూసినప్పుడు కూడా, గట్టి బంధాలు ఉన్నవాళ్లు బతికి ఉండే అవకాశం 50 శాతం ఎక్కువని వచ్చింది. బంధాల వల్ల ఆరోగ్యమా, ఆరోగ్యం వల్ల బంధాలా అన్న వాదన మిగిలే ఉంది. రెండూ కొంత నిజమే అయ్యుంటాయి.

మన దగ్గర ఇది ఎలా ఉంటుందో చూడాలంటే గుంటూరులోనో కరీంనగర్‌లోనో తల్లిదండ్రులు, డల్లాస్‌లో కొడుకు ఉన్న ఇంటి ఫోన్ కాల్ వింటే చాలు. "తిన్నారా?" "తిన్నాం. మీరు?" "ఇప్పుడే లేచాం." "నాన్న ఆరోగ్యం?" "అంతా బాగానే ఉంది. పిల్లలేరి?" నాన్నకు కళ్లు తిరిగి పడిన సంగతి అమ్మ చెప్పదు, అంత దూరంలో ఉన్న పిల్లాడు కంగారుపడతాడని. ఉద్యోగం ఊడిన సంగతి కొడుకు చెప్పడు, పెద్దవాళ్లకు టెన్షన్ ఎందుకని. కాల్ ప్రతి ఆదివారం క్రమం తప్పకుండా నడుస్తుంది, ప్రేమకు లోటు లేదు, ఎవరికీ ఎవరి సంగతీ తెలియదు. ఇక్కడ అడగకపోవడమే మర్యాద, చెప్పకపోవడమే ప్రేమ. మగవాళ్ల స్నేహాల్లోనూ ఇదే. పెళ్లి, పిల్లలు, బదిలీలు అయ్యాక మిగిలేది గ్రూపులో పుట్టినరోజు శుభాకాంక్షలు. మనసు బాగోలేక నిద్ర పట్టనివాడు ఆ గ్రూపులో ఆ మాట రాయలేడు. మనసు బాగోలేనివాళ్లు ఫోన్ చేసి మాట్లాడటానికి ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416 తెలుగులోనూ పనిచేస్తుంది, ఉచితం. అయినా మన ఇళ్లలో ఫ్రిజ్ మీద గ్యాస్ ఏజెన్సీ నంబరు ఉంటుంది, అది ఉండదు.

నలభై రెండో రోజు

అడగని వాటిని అడిగేలా చేయడం ఎలాగో మన సమాజానికి తెలియక కాదు. కార్తీకం వచ్చిందంటే ప్రతి ఊళ్లోనూ కనబడే అయ్యప్ప దీక్షనే చూడండి. 41 రోజులు తెల్లవారకముందే లేచి చన్నీళ్ల స్నానం, నేల మీద పడక, ఒంటిపూట భోజనం, సాయంత్రం భజన. సిగరెట్, మద్యం, మాంసం బంద్. ఏ డాక్టర్ చెప్పినా, భార్య ఎంత ఏడ్చినా ఒక్కరోజు మందు మానలేనివాడు మాల వేసుకున్న రోజు నుంచి 41 రోజులు చుక్క ముట్టడు. ఆ బలం ఒక్క భక్తిదే అనుకుంటే సగమే చూసినట్టు. ఒంటి మీద నల్లబట్టలున్నాయి, మెడలో మాల ఉంది. టీకొట్టువాడి నుంచి ఆఫీసర్ దాకా అందరూ "స్వామీ" అంటారు. పక్కన గురుస్వామి, తనతోపాటు లేచే నలుగురు స్వాములు ఉన్నారు. మొదలు, ముగింపు తేదీలు ఉన్నాయి. తప్పితే పదిమందికీ తెలుస్తుంది. దీక్ష ఆ మనిషిని పొద్దున్నుంచి రాత్రిదాకా అడుగుతూనే ఉంటుంది. భవానీ దీక్ష, హనుమాన్ దీక్ష కూడా ఇలాగే నడుస్తాయి, రంజాన్ ఉపవాసాల్లోనూ ఊరంతా కలిసి లేవడంలో ఈ బలమే ఉంది.

మాల తీసిన రోజు సాయంత్రమే వైన్స్ ముందు కనిపించే పాత స్వాములను చూసి జనం నవ్వుకుంటారు. అందులో నవ్వాల్సిందేమీ లేదు. మనిషి మారలేదు, అడిగేవాళ్లు వెళ్లిపోయారు. నలభై రెండో రోజు నుంచి అతన్ని అడిగేది మళ్లీ పాత మిత్రబృందమే. ఆ నలుగురు స్వాములు మాల తీశాక కూడా వారానికి మూడు రోజులు పొద్దున్నే కలిసి నడిస్తే సంగతి వేరేగా ఉండేది.

చిట్టీ కూడా ఇలాంటి కట్టడే. చేతిలో డబ్బులు నిలవని మనిషి ఇరవై నెలలు చిట్టీ కడతాడు, పాట పాడే రోజున మిగతావాళ్ల ముఖం చూడాలి కాబట్టి. డ్వాక్రా సంఘాల్లో ఆడవాళ్ల పొదుపు నిలబడింది కూడా మీటింగు, పుస్తకం, పక్కింటి సభ్యురాలి చూపు వల్లే. ఇదే కిటుకు ఒంటికీ వాడుకోవచ్చు. ఒంటరిగా జిమ్‌కు ఏడాది ఫీజు కట్టేవాడి కంటే, వీధి చివర ఐదున్నరకు ఎదురుచూసే మనిషి ఉన్నవాడు ఎక్కువ రోజులు నడుస్తాడు. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక, రెండు రోజులు కండకు పని చెప్పే వ్యాయామం అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. రెండోదాన్ని మనవాళ్లు పూర్తిగా వదిలేస్తారు. చేతులు పట్టుకోకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం నుంచి మొదలుపెట్టినా నయమే. షుగర్, బీపీ పరీక్షలను ఉగాది నెలకో, పెళ్లిరోజుకో ముడివేస్తే మరిచిపోవడం కష్టం. పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు "ఆరోగ్యం ఎలా ఉంది" అని కాకుండా "నిన్న బీపీ పైది ఎంత, కిందిది ఎంత" అని అడిగితే "బాగానే ఉంది" అనే జవాబుకు చోటుండదు.

ఇందులో ఒక ప్రమాదమూ ఉంది. అడగని వాటి తరఫున అడిగే వ్యాపారం ఇప్పుడు జోరుగా సాగుతోంది. ల్యాబులు ఎనభై టెస్టుల ప్యాకేజీ సగం ధరకే అని మెసేజ్ పెడతాయి. చేతి గడియారం నిద్రకు మార్కులు వేసి, తక్కువొచ్చాయని పొద్దున్నే దిగులు పుట్టిస్తుంది. ఎనభై టెస్టుల్లో ఒకటో రెండో గీత దాటడం మామూలే. దాని వెంట ఇంకో స్కానింగ్, ఇంకో స్పెషలిస్ట్, నెల రోజుల భయం. ముప్ఫై దాటిన, ఏ జబ్బూ లేని మనిషికి క్రమంగా కావాల్సినవి కొన్నే: బీపీ, షుగర్, నడుము కొలత, కొన్నేళ్లకోసారి కొలెస్ట్రాల్, ఆడవాళ్లకు రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలు, పొగాకు అలవాటుంటే నోటి పరీక్ష. పూర్వం నుంచి ఇంట్లో ఏదైనా జబ్బు ఉంటే డాక్టర్ ఇంకోటి కలుపుతారు.

ఎవరి టైముతో?

ఇప్పుడు ఆ 400 గ్రాముల కూర ఎవరు తరుగుతారన్న ప్రశ్న. 2024 జాతీయ టైము వినియోగ సర్వే ప్రకారం ఇంటి పని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు 289 నిమిషాలు పెడుతున్నారు. మగవాళ్లలో ఇంటి పని చేసేవాళ్లే తక్కువ, ఆ చేసేవాళ్లు పెట్టేది 88 నిమిషాలు. ఆయనకు షుగర్ అని తెలిసిన రోజు నుంచి ఇంట్లో రెండు రకాల వంట మొదలవుతుంది. ఆయన వాకింగ్‌కు వెళ్లే గంట, ఆమె ఇంకో గంట ముందు లేవడం వల్ల వచ్చిందే. ఆమె తినే వేళకు కూర అయిపోతుంది, మిగిలిన అన్నంలో మజ్జిగ, పచ్చడి వేసుకుంటుంది. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ మహిళల్లో 58.8 శాతం, తెలంగాణ మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. ఒక ఇంట్లో మొదట ఎవరిని పరీక్ష చేయించాలన్న ప్రశ్న వస్తే ఈ లెక్క గుర్తుంచుకోవాలి. ఎప్పుడూ ఏదీ అడగని మనిషి ఆమే.

ముప్ఫై ఏళ్లు దాటినవాళ్లందరికీ బీపీ, షుగర్, మూడు రకాల క్యాన్సర్ల పరీక్షలు ఉచితంగా చేసే జాతీయ కార్యక్రమం ఉంది. తెలంగాణలో పల్లె దవాఖానాలు, బస్తీ దవాఖానాలు, ఆంధ్రలో విలేజ్ క్లినిక్‌లు అందుకు దగ్గర్లోనే ఉన్నాయి. ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు ఇంటికి కూడా వస్తారు. వాళ్లు వచ్చేది పగలు. ఆ వేళకు కూలికి పోయినవాళ్లు చేలో ఉంటారు, ఆటో నడిపేవాళ్లు రోడ్డు మీద, షాపుల్లో చేసేవాళ్లు షాపులో. ఇంట్లో ఉన్న ఆమె స్టవ్ మీద పప్పు పెట్టి వచ్చి, తన చెయ్యి చాపడానికి ముందు మామగారిది చూడమంటుంది. ఆదివారాలు, సాయంత్రం ఆరు తర్వాత, లేబర్ అడ్డాల దగ్గర, ఆటోస్టాండుల్లో, సంఘం మీటింగు జరిగే రోజున బీపీ మిషను అక్కడికే వెళితే పరీక్షలకు దొరికేవాళ్లు వేరేగా ఉంటారు. అందుకు కొత్త యంత్రం గానీ, కొత్త భవనం గానీ అక్కర్లేదు. డ్యూటీ టైములు మార్చి, ఆదివారం పనిచేసిన ఏఎన్ఎంకు ఇంకో రోజు సెలవిస్తే సరిపోతుంది.